హిస్టరీకి నలుగురే

పొద్దున చింతాద్రిపేట స్టేషన్ మెట్లెక్కి రైలు కోసం నిలబడేసరికే తిరువేంగడానికి సగం రోజు గడిచిపోయినట్టు ఉంటుంది. కింద కూవం నది వాసన, పైన ఖాళీ ప్లాట్‌ఫారం. తిరువాన్మియూరులో దిగితే స్కూలు వ్యాను సిద్ధంగా ఉంటుంది. కుర్ర టీచర్లు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుంటారు. ఆయన కళ్ళు మూసుకున్నా నిద్ర రాదు. వయసు యాభై మూడు. చెన్నై చివర ఓఎంఆర్ రోడ్డు మీద అద్దాల కంపెనీలన్నీ దాటాక వచ్చే ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో హిస్టరీ చెబుతాడు.

హిస్టరీ ఆయన కోరి తీసుకున్నది కాదు. తండ్రి అంబత్తూరు ఫ్యాక్టరీలో ఫిట్టరు. కొడుకు ఇంజనీరు కావాలని ఆయన ఆశ. టెంత్ మార్కులు వచ్చాక ఇద్దరూ హెడ్మాస్టరు గదిలో నిలబడ్డారు. హెడ్మాస్టరు మార్కుల కాగితం చూసి, "ఫస్ట్ గ్రూపు రాదు. సెకండ్ గ్రూపూ కష్టమే. హిస్టరీ గ్రూపులో సీట్లున్నాయి, చేర్చండి" అని, గుమ్మంలో ఉన్న తర్వాతి వాళ్ళని పిలిచాడు. పైచదువు ఏమిటన్నది అంతలోనే తేలిపోయింది. ఇంటి ముందుకొచ్చాక తండ్రి, "ఏదో ఒకటి చదువు. నడిమధ్యలో ఇడిసిపెట్టొద్దు" అన్నాడు.

తిరువేంగడం విడిచిపెట్టలేదు. చదవగా చదవగా దాని మీద ఇష్టం కుదిరింది. తామున్న పేటే ఈస్టిండియా కుంపిణీ వాళ్ళు నేతగాళ్ళను రప్పించి కట్టించినదనీ, తన ఇంట్లో వినబడే తెలుగు ఆ మగ్గాల వెంట వచ్చిందై ఉండొచ్చనీ కాలేజీలో తెలిసిన రోజు, పుట్టి పెరిగిన వీధిలోనే కొత్తవాడిలా తిరిగాడు. ఎం.ఏ. అయ్యాక చాలా ఏళ్ళు ఒక మెట్రిక్యులేషన్ స్కూల్లో అరవై మంది పిల్లల గదుల్లో గొంతు పోయేలా పాఠాలు చెప్పాడు. ఆ తర్వాత ఈ స్కూలు పెట్టినప్పుడు ఇందులో చేరాడు. ఇక్కడ గదికి పదిహేను మంది. అరవక్కర్లేదు. మొదట్లో అది స్వర్గంలా అనిపించింది.

ఈ స్కూల్లో టెంత్ తర్వాత డిప్లొమా అని రెండేళ్ళ చదువు ఉంటుంది. మన వైపు గ్రూపుల్లాంటిది కాదు. ఆరు సబ్జెక్టులు ఎంచుకోవాలి. రెండు భాషలు, లెక్కలు, ఒక సైన్సు, హిస్టరీ ఎకనామిక్స్ లాంటి వాటిలో ఒకటి, ఆరోది సంగీతమో బొమ్మలో, లేకపోతే ముందువాటిలోనే ఇంకొకటి. ఆరింట్లో మూడు లోతుగా చదవాలి. ఏ మూడు అన్న దగ్గరే ఇళ్ళల్లో గొడవలన్నీ మొదలవుతాయి.

పిల్లలు ఎంచుకోవడానికి వీలుగా ప్రతి జనవరిలో ఆడిటోరియంలో బల్లలు వేస్తారు. బయట బోర్డు మీద ఆప్షన్స్ ఫెయిర్ అని ఉంటుంది. టీచర్లు మాత్రం తమలో తాము సంత అంటారు. ఎవరి బల్ల దగ్గర వాళ్ళు నిలబడి వచ్చే పిల్లల్ని, వాళ్ళ తల్లిదండ్రుల్ని పిలవాలి. కంప్యూటర్ సైన్సు వాళ్ళు ఒక చిన్న రోబోని నేల మీద తిప్పుతారు. బిజినెస్ మేనేజ్‌మెంట్ వాళ్ళు చాక్లెట్లు పంచుతారు. సైకాలజీ దగ్గర ఎప్పుడూ వరస. హిస్టరీ బల్ల మీద తిరువేంగడం పాత మద్రాసు మ్యాపులు పరిచేవాడు. ఒక తల్లి వాటిని చూసి, "ఇవి అమ్ముతున్నారా?" అని అడిగింది. ఆయన భార్య పుష్పవల్లి టి. నగర్లో ఒక చీరల షాపులో బిల్లింగు కౌంటర్లో పని చేస్తుంది. ఆ సంగతి విని, "మా షాపు ముందర నిలబడి రా రా అని పిలిచేవాళ్ళకైనా కమీషన్ ఉండాది. మీకు అదీ ల్యా" అని నవ్వింది.

కిందటి జనవరిలో ఆ నవ్వు కూడా లేకుండా పోయింది. సంతకి ముందు ప్రిన్సిపల్ రాజశ్రీ స్టాఫ్ మీటింగు పెట్టి, ఇకమీదట ఐదుగురు కూడా చేరని సబ్జెక్టుకి క్లాసు నడపలేమని చెప్పింది. చెడ్డగా ఏం చెప్పలేదు. పైనుంచి వచ్చిన మాట చెబుతున్నట్టే చెప్పింది. అందరూ తిరువేంగడం వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నించారు. అంతకు ముందు రెండేళ్ళూ ఆయన క్లాసులో ఐదుగురు లేరు.

ఈసారి నలుగురు వచ్చారు. వాళ్ళలో నిరంజన్ అనే పిల్లవాడు నిజంగా హిస్టరీ కోసమే వచ్చినవాడు. మిగతా ముగ్గురు ఎకనామిక్స్‌లో లెక్కలెక్కువని వచ్చినవాళ్ళు. తిరువేంగడం ఏమీ అనుకోలేదు. తనూ మార్కులు రాకే కదా వచ్చింది.

సబ్జెక్టుల ఎంపికంతా చూసే ఆంటో ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూముకి వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. నలభై దాటని మనిషి, నాగర్‌కోయిల్ వాడు. తిరువేంగడమంటే గౌరవం. తమిళంలో మెల్లగా అన్నాడు.

"సార్, ఐదుగురయ్యారు. శ్రుతి మీ దగ్గరికి వస్తోంది."

తిరువేంగడం దిద్దుతున్న పేపరు పక్కన పెట్టాడు. శ్రుతి టెంత్‌లో ఆయన దగ్గరే చదువుతోంది. పేటలు ఎలా పుట్టాయో చెబుతున్నప్పుడు ఆ పిల్ల చెయ్యెత్తి, "సార్, నేతగాళ్ళు వాళ్ళంతట వచ్చారా, కుంపిణీ వాళ్ళు తెచ్చారా?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్న మీద ఆ రోజు పీరియడంతా నడిచింది. అటువంటి పిల్ల క్లాసులో ఉంటే రెండేళ్ళు హాయిగా గడిచిపోతాయి.

"ఇంకేం తీసుకుంది?" అని అడిగాడు.

"బయాలజీ, కెమిస్ట్రీ, హిస్టరీ లోతుగా. ఇంగ్లీషు, ఫ్రెంచి, లెక్కలు మామూలుగా. డాక్టరు కావాలంట."

"ఫిజిక్స్ లేదే?"

ఆంటో గొంతు ఇంకా తగ్గించాడు. "బయటి దేశాలకి అక్కర్లేదు సార్. ఇక్కడి పిల్లలంతా బయటికే కదా పోయేది. అడిగితే చెబుదాం. మనంతట మనం ఎందుకు?"

తిరువేంగడం కూడా అప్పటికి ఊరుకున్నాడు. ఆ వారం రైల్లో కూర్చుంటే ఒంటికి కొంచెం తేలిగ్గా అనిపించింది. కొత్త క్లాసుకి ఏయే పాఠాలు ముందు చెప్పాలో మనసులో వరస పెట్టుకున్నాడు. మధ్యలో ఫిజిక్స్ మాట గుర్తొస్తే, బయటికి పోయే పిల్లే అయి ఉంటుందిలే అనుకునేవాడు.

తల్లిదండ్రుల మీటింగు రోజున శ్రుతి వాళ్ళ నాన్నని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన పేరు కోటి. గుంటూరు నుంచి ఉద్యోగం మీద వచ్చి సిరుసేరి ఐటీ కంపెనీలో పని చేస్తున్నాడు. తిరువేంగడం నోట తెలుగు వినగానే ఆయన మొహం విప్పారింది.

"మీరు తెలుగువాళ్ళేనా మాస్టారూ! మా అమ్మాయి చెప్పనేలేదు. నెల్లూరా?"

"లేదండీ, ఈడే. చింతాద్రిపేట. మా తాతల తాతల నుంచీ ఈడనే ఉండాము."

"బాగుందండీ," అంటూ కోటి కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "మా శ్రుతికి మీ క్లాసంటే ప్రాణం. డాక్టరు కావాలంటుంది, హిస్టరీ కూడా కావాలంటుంది. ఇష్టమైంది తీసుకోమన్నాను. మేం చదివిన రోజుల్లో ఈ వెసులుబాటు లేదు కదండీ. ఎంపీసీ అంటే ఎంపీసీ. అంతే."

"మంచిదండీ." అన్నాడు తిరువేంగడం. ఆ మాట అక్కడ ఆపేసి ఉండొచ్చు. కోటి లేచి వెళ్ళిపోయేవాడు. "డాక్టరు చదువు యాడ చదివిద్దామని?"

"ఇక్కడేనండీ. చెన్నైలోనో, కాకపోతే మా గుంటూరులోనో. దూరం పంపడానికి వాళ్ళమ్మ ఒప్పుకోదు."

"నాకూ ఇష్టం లేదు సార్," అంది శ్రుతి. "బామ్మ మాతోనే ఉంటుంది. నేను ఇక్కడే చదువుతాను."

ఆడిటోరియంలో పక్క బల్లల దగ్గర మాటలు గోలగోలగా వినిపిస్తున్నాయి. తిరువేంగడం ఎదురుగా ఉన్న కాగితాల అంచులు సరిచేశాడు. చెప్పాలని ముందే అనుకోలేదు. చెప్పకూడదనీ అనుకోలేదు. కాళ్ళు నొప్పిగా ఉన్నాయనీ, ఇంకో పది మంది తల్లిదండ్రులు వరసలో ఉన్నారనీ మాత్రం అనిపించింది. ఆ పిల్ల తన వైపే చూస్తోంది.

"అయితే ఒక మాట చెప్తానండీ. ఈడ మెడిసిన్‌లో చేరాలంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ ఉండాల. మీ అమ్మాయి రాసిచ్చిన దాంట్లో ఫిజిక్స్ ల్యా. మూడు సైన్సులూ తీసుకుంటే హిస్టరీకి జాగా ఉండదు. దానికీ ప్రత్యేకంగా పర్మిషన్ అడగాల."

కోటి మొహం మారిపోయింది. "ఫిజిక్స్ తర్వాత విడిగా రాయకూడదాండీ?"

"రాయొచ్చని కొందరంటారు. ఆ రూల్సు ఒక్కో ఏడు ఒక్కోలా ఉంటాయి. వాటిని నమ్ముకుని రెండేళ్ళు కూర్చోమని నేనైతే చెప్పలేను."

"ఆంటో సార్ ఈ మాట అనలేదే?"

"బయటికి పంపుతారేమో అనుకున్నట్టుండారు. ఇప్పుడే పోయి ఆయన్ని అడగండి, ఇంకా టైముంది."

శ్రుతి కళ్ళు ఎర్రబడ్డాయి. "సార్, మీరే నన్ను వద్దంటున్నారా?"

"వద్దంటా లేదమ్మా. నీకు ఏది ముందు కావాలో అది చూసుకోమంటా ఉండా."

"రెండూ కావాలి."

కోటి లేచి రెండు చేతులూ జోడించాడు. ఐదుగురు లేకపోతే క్లాసు ఉండదన్న సంగతి తిరువేంగడం వాళ్ళకి చెప్పలేదు. చెబితే ఆ పిల్ల ఏం చేసేదో ఆయనకి తెలుసు.

ఆంటో కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదనిపించింది తిరువేంగడానికి. వ్యాను ఎక్కే ముందు ఆంటో దగ్గరకొచ్చి, "మీరు చెప్పింది తప్పు కాదు సార్. నేనే అడగాల్సింది," అని, మళ్ళీ, "అయినా..." అని వెళ్ళిపోయాడు. తర్వాతి వారం రాజశ్రీ పిలిపించింది. పదకొండో క్లాసుకి ఈ ఏడాది హిస్టరీ ఉండదు. పన్నెండో క్లాసు వాళ్ళకి మాత్రం పాఠాలు ముగించాలి. జూన్ నుంచి ఆరు, ఏడు తరగతులకి సోషల్ చెప్పాలి. మిగిలిన పీరియడ్లలో పిల్లలు సొంతంగా చదువుకునే గదికి కాపలా ఉండాలి.

"మీ అనుభవం చిన్నపిల్లలకి కూడా చాలా ఉపయోగపడుతుంది," అంది.

"సరి మేడమ్," అన్నాడు.

ఇంటికొచ్చి చెప్పేసరికి పుష్పవల్లి రసం పోపు పెడుతోంది. పొద్దుటి నుంచి కౌంటర్లో నిలబడి నిలబడి ఆమె మడమలు వాచి ఉన్నాయి. స్టవ్ తగ్గించి వచ్చి కూర్చుంది.

"మీరు చెప్పకుండా ఉంటే ఏమయ్యేది?"

"ఇప్పుడు ఏమీ అయ్యేది కాదు. రెండేళ్ళు పోయినాక ఆ పిల్లకి తెలిసేది."

"రెండేళ్ళు పోయినాక సంగతి ఎవురికి కావాల? అప్పటికి ఎవురు యాడ ఉంటారో!"

"ఆ పిల్ల ఉంటాది గదా."

కాలేజీ నుంచి వచ్చిన కూతురు భరణి సోఫాలోంచే, "అప్పా, విడుంగ," అంది, ఇక వదిలేయమన్నట్టు. పుష్పవల్లి లేచి కంచాలు పెట్టింది. అన్నంలో రసం పోసి, అడక్కుండానే రెండు అప్పడాలు వేసింది.

మర్నాడో ఆ మర్నాడో నిరంజన్ వచ్చాడు. పొడుగాటి పిల్లవాడు, మాట తక్కువ. మిగతా ముగ్గురూ ఏ గొడవా లేకుండా జాగ్రఫీకి మారిపోయారు. వీడు మారలేదు. స్టాఫ్ రూము తలుపు దగ్గరే నిలబడి ఇంగ్లీషులో అడిగాడు.

"సార్, శ్రుతిని మీరే పంపేశారంట. నిజమేనా?"

"ఆ అమ్మాయికి ఫిజిక్స్ కావాలి."

"మాకు హిస్టరీ కావాలి కదా సార్. అప్పటికి మేం నలుగురం ఉన్నాం. మా గురించి ఒక్కసారి కూడా అనుకోలేదా?"

తిరువేంగడం ఆ రోజు కోటి ముందు కూర్చున్నప్పుడు నిజంగానే ఈ పిల్లవాడి గురించి అనుకోలేదు. తన ఉద్యోగం గురించి అనుకున్నాడు, ఆ పిల్ల గురించి అనుకున్నాడు. "లేదు నిరంజన్, అనుకోలేదు," అన్నాడు. పిల్లవాడు తలూపి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆయన మధ్యాహ్నం భోజనం డబ్బా తెరవకుండానే ఇంటికి తీసుకుపోయాడు.

నిరంజన్ పట్టు వదల్లేదు. వాళ్ళ నాన్నని తీసుకొచ్చి ఆంటోతో మాట్లాడించాడు. చివరికి హిస్టరీ ఒక్కటీ ఆన్‌లైన్లో చదవడానికి స్కూలు ఒప్పుకుంది. కెనడాలో ఒక టీచరు పాఠాలు రికార్డు చేసి పెడుతుంది. పిల్లవాడు లైబ్రరీ పక్క గదిలో కూర్చుని చూసుకోవాలి, రాసి పంపాలి. అయితే ఆ గదిలో స్కూలు తరఫున పెద్దవాళ్ళు ఒకరు ఉండి తీరాలి. హాజరు వెయ్యాలి, కంప్యూటరు పని చేస్తోందా లేదా చూడాలి. పాఠం మాత్రం చెప్పకూడదు. అది ఆ టీచరు పని. ఆ పీరియడ్లలో ఖాళీగా ఉన్నది ఎవరా అని చూస్తే తిరువేంగడమే.

ఆంటో ఈ మాట చెప్పడానికి చాలా ఇబ్బంది పడ్డాడు. "ఇష్టం లేకపోతే వేరే ఎవరినైనా వేస్తాను సార్."

"ఎందుకులే. ఎవరో ఒకరు కూర్చోవాల గదా."

జూన్‌లో అలా మొదలైంది. ఆరో తరగతి పిల్లల చేత సింధు లోయ బొమ్మలు గీయించి, ఏడో తరగతి వాళ్ళ కొట్లాటలు తీర్చి, ఆ గదికి వచ్చి కూర్చునేవాడు. నిరంజన్ హెడ్‌ఫోన్ పెట్టుకుని స్క్రీన్ చూసేవాడు. మొదటి నెలలో ఇద్దరూ గుడ్ ఆఫ్టర్‌నూన్ తప్ప ఏమీ మాట్లాడుకోలేదు. స్క్రీన్ మీద ఆ టీచరు నోరు కదులుతుంటే, వెనక బోర్డు మీది మాటలు చూసి ఆమె ఏం చెబుతోందో తిరువేంగడానికి తెలిసిపోయేది. ఇరవై ఏళ్ళకి పైగా తను చెప్పిన పాఠాలే. ఒక్కోసారి ఆమె ముఖ్యమైంది వదిలేసి ముందుకి పోయేది. అప్పుడాయన కిటికీ వైపు తిరిగి కూర్చునేవాడు.

శ్రుతి పర్మిషన్ తెచ్చుకుని మూడు సైన్సులతో చేరింది. దీపావళి సెలవులు అయ్యాక ఒకరోజు ఆ గది తలుపు కొట్టింది. యూనిఫాంలో లేదు.

"సార్, నేను స్కూలు మారిపోతున్నాను. అన్నానగర్లో చేరుతున్నా. అక్కడ ఎంట్రన్స్ కోచింగు కూడా కలిపే ఉంటుంది. టీసీ కోసం వచ్చాం."

"మంచిదమ్మా. బాగా చదువుకో."

"నాన్న నమస్కారం చెప్పమన్నారు." వెళ్ళబోతూ వెనక్కి తిరిగింది. "నాకు మీ మీద ఇంకా కొంచెం కోపం ఉంది సార్."

"ఉండనీ. ఉంటే ఏమైంది?"

ఆ పిల్ల నవ్వబోయి ఆపుకుని, నిరంజన్ వైపు చెయ్యి ఊపి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం రైల్లో తిరువేంగడం ఆ సంగతే తిప్పి తిప్పి ఆలోచించాడు. ఎట్లాగూ పోయే పిల్లే అయింది. ఆ రోజు తను నోరు మెదపకుండా ఉంటే జూన్‌లో క్లాసు మొదలయ్యేది. మొదలైన క్లాసుని మధ్యలో ఎవరూ ఆపరు. ఆ పిల్ల ఎప్పుడు వెళ్ళినా నలుగురు పిల్లలు మిగిలేవాళ్ళు, నిరంజన్ మిగిలేవాడు. కానీ ఫిజిక్స్ లేకుండా ఆర్నెల్లు పోగొట్టుకుని వెళ్ళేది. ఆ ఆర్నెల్లు ఆ పిల్లవి. ఈ రెండేళ్ళు నిరంజన్‌వి. ఏది ఎక్కువో ఎవరు చెప్పాలి? మందైవెలి స్టేషన్ పోయింది, లైట్‌హౌస్ పోయింది. ఆలోచన ఎక్కడికీ చేరలేదు. చింతాద్రిపేట వచ్చింది, దిగాడు.

డిసెంబరులో వాన పడుతున్న ఒక మధ్యాహ్నం నిరంజన్ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. దక్షిణాఫ్రికా పాఠం నడుస్తోంది. అక్కడ నల్లవాళ్ళు ఎక్కడికి పోవాలన్నా ఒక పాస్ దగ్గర పెట్టుకోవాలన్న చట్టం మీద తిరగబడిన కాలం.

"సార్, ఒకటి అడగనా? వీళ్ళు పాసులు ఇంట్లో వదిలేసి, తమంతట తామే పోలీస్ స్టేషన్ ముందుకి పోయి నిలబడ్డారు. అరెస్టు చేస్తారని తెలుసు కదా. ఎందుకు పోయినట్టు?"

"మీ టీచర్ని అడుగు."

"ఆమెకి ఇప్పుడు అర్ధరాత్రి సార్. రేపు జవాబు పెడుతుంది. రెండు లైన్లు పెడుతుంది."

తిరువేంగడం తలుపు వైపు చూశాడు. తర్వాత పిల్లవాడి వైపు చూశాడు. ఒళ్ళంతా బరువుగా ఉంది, ఏడో తరగతితో గొంతు బొంగురుపోయింది. కుర్చీ లాక్కుని వాడి పక్కన కూర్చున్నాడు.

"ముందు నువ్వు చెప్పు. అందరినీ ఒకేసారి అరెస్టు చేయాలంటే ఎన్ని జైళ్ళు కావాలి?"

నిరంజన్ ఆలోచించాడు. ఏదో చెప్పాడు. ఈయన కాదన్నాడు. వాడు వాదించాడు. కాసేపటికి తిరువేంగడం లేచి వైట్‌బోర్డు దగ్గరకి పోయాడు. అద్దం తలుపు అవతల ఆంటో అటు పోతూ ఆగి చూశాడు. లోపలికి రాలేదు. మర్నాడు ఆ సంగతి ఎత్తనూ లేదు.

పీరియడు అయిపోయింది, స్కూలు అయిపోయింది. వ్యాను వెళ్ళిపోయిందని ఇద్దరికీ ఆలస్యంగా తెలిసింది. నిరంజన్‌ని వాళ్ళ కారు వచ్చి తీసుకుపోయింది. మెయిన్ రోడ్డు దాకా దింపుతామన్నారు కానీ, వాళ్ళ దారి అటు కాదని తిరువేంగడం వద్దన్నాడు. గొడుగు వేసుకుని బస్టాపు దాకా నడిచాడు. మోకాళ్ళ దాకా ప్యాంటు తడిసింది. పుష్పవల్లికి ఫోను చేశాడు.

"ఈపొద్దు లేటవుతాది. నువ్వు తినేయి."

"ఏమైంది? ఒంట్లో బాగుండాదా?"

"బాగానే ఉండా. పిల్లోడు ఒకటి అడిగినాడు, చెప్తా ఉంటే టైము తెలీలేదు."

"సరి. తలకాయ తడపబాకండి," అని ఆమె ఫోను పెట్టేసింది.

వచ్చిన మొదటి బస్సు నిండిపోయి ఆగకుండా పోయింది. రెండోదాంట్లో నిలబడడానికి చోటు దొరికింది. కమ్మీ పట్టుకుని నిలబడి, రేపు ఆరో తరగతికి దిద్ది ఇవ్వాల్సిన పేపర్లు దిద్దలేదని గుర్తుచేసుకున్నాడు.